ఖాళీ చేతుల మనాంగ్ బాసింగ్

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మనాంగ్ బాసింగ్, అంటే మా మాటలో బాసింగ్ అక్క, పోయి నలభై రోజులు కాకముందే ఆవిడ కళ్ళు చారెడయ్యాయి, మనసు వెన్నయింది, నోరు అమృతమయింది. మా ఆసుపత్రి యాభయ్యేళ్ళ సంచికలో ఆవిడ మీద రెండు పేజీలు రాయమని నన్ను అడిగారు. ఐసీయూలో ఆవిడ చేతి కింద అందరికన్నా ఎక్కువ కాలం పడి ఉన్నది నేనేనట. "మంచిగా రాయండి మనాంగ్ ఎడిథా, ఆవిడ మనందరికీ తల్లిలాంటిది కదా" అంది సంచిక పని చూసే అమ్మాయి. ఆ అమ్మాయి ఆవిడ కింద ఒక్క పూట పనిచేసిన పాపాన పోలేదు. అత్తలేని కోడలు ఉత్తమురాలు.

నాకు ఆవిడంటే పడేది కాదు. ఆవిడకీ నేనంటే పడేది కాదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. తరవాత ఎవరైనా చదివి, "ఇదేమిటి, ఇలా రాసింది" అని బుగ్గలు నొక్కుకోనక్కరలేదు.

అసలు పేరు బాసిలిసా హెర్విల్యా. మియాగావ్‌లో పుట్టింది. తల్లి మగ్గం నేసేది. ఈవిడ నర్సింగ్ చదివి, జెడ్డాలో ఎనిమిదేళ్ళు ఐసీయూలో పనిచేసి, ముప్ఫై ఎనిమిదో ఏట మా ఇలోయిలో నగరానికి తిరిగొచ్చింది. అందరూ ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళడానికి కాళ్ళకు చక్రాలు కట్టుకుంటూంటే ఈవిడ అక్కణ్ణించి ఇక్కడికి ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు. మోలోలో ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే ఆరు గంటలకు ముందే వార్డులో ప్రత్యక్షమయ్యేది. పంతొమ్మిదేళ్ళు మా పన్నెండు పడకల ఐసీయూకి హెడ్ నర్సు.

మనిషి పొట్టి. అడుగు వేస్తే చప్పుడుండదు. చేతులు ఎప్పుడూ వెనక్కి కట్టుకుని నడిచేది. గంటగంటకీ పన్నెండు పడకల చుట్టూ తిరిగేది. ప్రతి పడక దగ్గరా ఆగి, నడుం వంచి, కింద వేలాడే యూరిన్ బ్యాగుల్లోకి చూసేది. పొదిగే పెట్టల కింద గుడ్లు వెతుక్కునే ముసలమ్మలా ఉండేది ఆ వంగడం. ఆవిడ అటు తిరగ్గానే మాలో ఎవరో ఒకరు అలా వంగి చూపించేవాళ్ళం. మాస్కులు ఉండేవి కాబట్టి నవ్వులు బయటపడేవి కావు.

ఆవిడ పెట్టిన నియమాలు చాలా ఉన్నాయి, కానీ గొడవంతా ఒక్కదాని దగ్గరే. ప్రతి షిఫ్టులోనూ ఒక ఇన్‌ఛార్జి నర్సు ఉంటుంది. ఆ ఇన్‌ఛార్జికి పడకలు ఇవ్వకూడదు. ఒక్క రోగిని కూడా ఇవ్వకూడదు. ఆమె ఏదీ పట్టుకోకూడదు, ఎక్కడా కూర్చోకూడదు, తిరుగుతూ ఉండాలి. ఇన్‌ఛార్జికని వేరే ఆకుపచ్చ పై గౌను ఒకటి ఉండేది. దాని జేబులు రెండూ మనాంగ్ బాసింగ్ తన చేత్తో కుట్టేసింది, అందులో ఏమీ పెట్టుకోకుండా. ఎప్పుడైనా ఇన్‌ఛార్జి జాలిపడి ఎవరి రోగికో సూది గుచ్చబోతే ఆవిడ నెమ్మదిగా పక్కకొచ్చి నిలబడేది. "అది ఎవరి పడక తల్లీ?" అనేది. "వాళ్ళ పడక వాళ్ళకి ఇచ్చెయ్. నీ చేతులు నాకు ఖాళీగా కావాలి."

ఇది వినడానికి బాగానే ఉంటుంది. లెక్క చూడండి. షిఫ్టుకి ఆరుగురం. ఒకరు ఖాళీ చేతులతో తిరుగుతూంటే మిగతా అయిదుగురు పన్నెండు పడకలు పంచుకోవాలి. అంటే ఇద్దరి నెత్తిన మూడేసి పడకలు పడేవి. మూడు వెంటిలేటర్ల మధ్య పరుగెత్తి, మంచినీళ్ళు తాగడానికి తీరిక లేక, నడుములు పడిపోతూంటే, పక్కనే ఒకామె చేతులు వెనక్కి కట్టుకుని షికారు తిరుగుతూ ఉంటుంది. అడిగితే ఆవిడ కారణం చెప్పేది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మా ఊరివాళ్ళం గొంతు పెంచం. మా మాటలో సాగదీత ఉంటుంది, కోపంలో కూడా లాలిపాట పాడుతున్నట్టే ఉంటుంది. మనీలా నుంచి వచ్చిన డాక్టర్లు మా ఇద్దరు నర్సులు పోట్లాడుకుంటూంటే ముచ్చట్లాడుకుంటున్నారని అనుకుంటారు. మనాంగ్ బాసింగ్ ఈ విద్యలో ఆరితేరింది. తేనె పూసిన కత్తి. "తల్లీ" అని మొదలుపెట్టిందంటే గుండె గుభేలుమనేది.

నా సంగతి చెబుతాను. నా ఇల్లు గీమరాస్‌లో, నీళ్ళకి అవతల. డ్యూటీ దిగి, పరోలా జెట్టీలో పడవెక్కి, జోర్డాన్‌లో దిగాలి. నా కూతురు మారిజ్ ఆరో తరగతి పూర్తి చేసి, బడిలో మొదటి బహుమతి తెచ్చుకుంది. మా బళ్ళలో ఆ పతకం పిల్ల మెడలో వేసేది తల్లీతండ్రీ. తండ్రి ఓడ మీద ఉన్నాడు. వేయాల్సింది నేనే. తొమ్మిదింటికి సభ. ఏడింటికి నా షిఫ్టు అయిపోతుంది. యూనిఫారం కింద కొత్త బ్లౌజు కూడా వేసుకునే వచ్చాను.

షిఫ్టు దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి రోగిని అప్పగించాలి. పడక పక్కన నిలబడి, పేరు, వయసు, జబ్బు, గంటగంటకీ ఏం జరిగిందీ అప్పజెప్పాలి. ఎక్కేవాళ్ళు "తీసుకున్నాను" అంటేనే మనం ఇంటికి. ఆ రోజు వింటున్నది మనాంగ్ బాసింగ్. నా రెండో రోగి దగ్గర తెల్లవారుజాము అయిదు గంటల గడిలో యూరిన్ అంకె లేదు. నేను వేయడం మరిచిపోయాను. సుమారు నలభై మిల్లీలీటర్లు ఉంటుంది, వేసుకోండి మనాంగ్ అన్నాను.

"సుమారు ఎవరి పేరు తల్లీ?" అంది. "ఇది నేను తీసుకోను."

పతకం సంగతి చెప్పాను. పడవ సంగతి చెప్పాను. రోగి బాగానే ఉన్నాడు, నిక్షేపంలా నిద్రపోతున్నాడు అన్నాను. ఆవిడ తలాడించి, మారిజ్‌కి నా దీవెనలు చెప్పు అంది. రాత్రి పారబోసిన బ్యాగుల కొలతలన్నీ వెతికించి, కూడించి, తీసివేయించి, ఆ గడిలో ముప్ఫై ఎనిమిది అని రాయించేసరికి తొమ్మిదీ పది. నేను బడి దగ్గర దిగేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. పతకం మారిజ్ మెడలో వాళ్ళ టీచరు వేసిందట. పిల్ల నన్ను ఏమీ అనలేదు. ఆ అనకపోవడం నేను ఇప్పటికీ మోస్తున్నాను. ముప్ఫై ఎనిమిదికీ నలభైకీ తేడా ఎంతో ఎవరైనా చెప్పండి.

ఆ రోజు నుంచి నాకు ఒక్కటే కోరిక. ఆవిడ కుర్చీ, కాదు, కుర్చీ కూడా లేదు కదా, ఆవిడ చోటు నాకు కావాలి. ఆ జేబుల్లేని గౌను చింపి పోగులు పెట్టాలి.

ఆరేళ్ళకి అవకాశం వచ్చింది. కొత్త చీఫ్ నర్సు మిసెస్ దివినగ్రాసియా వచ్చింది. అప్పటికి మా నర్సులు వారానికొకరు చొప్పున రియాద్‌కీ లండన్‌కీ ఎగిరిపోతున్నారు. మనుషులు లేరు. ఇన్‌ఛార్జి కూడా రెండు పడకలు చూస్తే అందరికీ సమానంగా రెండేసి పడతాయి కదా అని ఆవిడ ఒక మీటింగులో అంది. మనాంగ్ బాసింగ్ లేచి, నేనుండగా జరగదు అని, కూర్చుంది. కారణం అప్పుడు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో. బహుశా మేం విని ఉండేవాళ్ళం కాదు.

నేను కాగితం పట్టుకుని బయలుదేరాను. ఎవరిని ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు. మూడు పడకల డ్యూటీ దిగి చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేక కూర్చున్నవాళ్ళ ముందు కాగితం పెడితే చదవకుండా సంతకం చేస్తారు. ఇరవై ఆరుగురిలో ఇరవై ఇద్దరు చేశారు. కాగితంలో ఉన్నవి రెండే: ఇన్‌ఛార్జికి పడకలివ్వాలి, హెడ్ నర్సుని మార్చాలి. నెల తిరక్కుండా మనాంగ్ బాసింగ్‌ని కింది అంతస్తులో సరుకుల గదికి మార్చారు. అక్కడ గాజుగుడ్డ మడతలు పెట్టి, స్టెరిలైజ్ చేయడానికి పంపడం పని. ఆవిడ చోటు నాకిచ్చారు.

ఆవిడ వెళ్ళిన రోజున మేం పన్సిత్ తెప్పించుకున్నాం. మా ఆసుపత్రుల్లో డ్యూటీలో ఉండగా ఎవరూ పన్సిత్ తినరు. ఆ సేమియా పోగులు ఎంత పొడుగుంటాయో ఆ రోజు రోగుల వరస అంత పొడుగు అవుతుందని భయం. పుట్టినరోజయినా సరే, ఇంటికెళ్ళి తినాల్సిందే. మనాంగ్ బాసింగ్ ఈ మాట నమ్మేది కాదు, అయినా ఎవరినీ తిననిచ్చేది కాదు. మీరు నమ్ముతారు, నమ్మి బెదురుతారు, బెదిరిన చేత్తో మందు కలుపుతారు అనేది. ఆ రోజు పెద్ద పళ్ళెం నర్సుల బల్ల మీద పెట్టుకుని, నిమ్మకాయలు పిండుకుని, నిలబడి తిన్నాం. నేను ఆకుపచ్చ గౌను జేబుల కుట్లు కత్తెరతో విప్పి, ఒక జేబులో నా పెన్నూ ఇంకో జేబులో రెండు చాక్లెట్లూ వేసుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఒక్క రోగి కూడా రాలేదు.

నాలుగు నెలలు ఏమీ కాలేదు. అందరికీ రెండేసి పడకలు. అందరూ సమయానికి అన్నం తిన్నారు. ఆవిడ వల్ల పంతొమ్మిదేళ్ళు మాకు జరిగిన అన్యాయాన్ని తలుచుకుని నాకు ఇంకా ఒళ్ళు మండేది.

నవంబరులో ఒక మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట. ఆ పూట ఇన్‌ఛార్జిని నేనే. నావి మూడో పడక, నాలుగో పడక. మూడో పడక ముసలావిడ మెడ నరంలోకి డాక్టరు గొట్టం వేస్తున్నాడు. తెర లాగి ఉంది. నేను స్టెరైల్ గ్లవుజులు వేసుకుని ఆయనకి అన్నీ అందిస్తున్నాను. ఆ స్థితిలో నేను తెరను కూడా ముట్టుకోకూడదు.

తొమ్మిదో పడకలో క్రిసాంతో అని ట్రైసికిల్ నడిపే మనిషి. నలభై ఆరేళ్ళు. కడుపులో పుండు పగిలి, ముందు రోజు సాయంత్రం ఆపరేషన్ అయింది. చూసేది లెవెలిన్. ఇరవై మూడేళ్ళ పిల్ల, వచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు. క్రిసాంతోకి పదకొండింటి గడిలో యూరిన్ యాభై. పన్నెండింటికి ముప్ఫై. ఒంటిగంటకి పదిహేను. బీపీ నూట పది, నూట రెండు, తొంభై నాలుగు. లోపల ఎక్కడో కుట్టు వదిలి రక్తం కారుతోంది. అది కేకలు పెట్టే జబ్బు కాదు. ఒక్కో అంకె ఒక్కో మెట్టు దిగుతూ పోతుంది.

లెవెలిన్ అన్నీ రాసుకుంది. రాసుకుని తెర దగ్గరికి వచ్చింది. "మనాంగ్, మీకు వీలయినప్పుడు..." అంది. ఆ గొంతు నాకు వినపడింది. ఒక్క నిమిషం తల్లీ అన్నాను. ఎవరని చూడలేదు, ఏమిటని అడగలేదు. పావుగంట తరవాత మళ్ళీ వచ్చింది. వస్తున్నా అన్నాను. మూడోసారి ఏమీ అనలేదు. తెర అవతల నిలబడింది. పనిలో ఉన్న పెద్దవాళ్ళని మూడోసారి పిలిచే పిల్ల మా ద్వీపంలో పుట్టలేదు. చిన్నప్పటి నుంచి మేం నేర్పేది అదే. పెద్దవాళ్ళ పని అయ్యేదాకా పక్కన నిలబడు, మధ్యలో మాట్లాడకు, సిగ్గుండాలి. నా కూతురికి నేను నేర్పిందీ అదే.

నేను తెర తీసేసరికి ఒంటిగంటా యాభై. ఆ పిల్ల చేతిలో కాగితం ముక్క చెమటకి తడిసిపోయి ఉంది. ఎంతసేపటి నుంచి ఇక్కడ నిలబడ్డావు అని అడిగాను.

"మీరు పనిలో ఉన్నారు కదా మనాంగ్" అంది.

రెండున్నరకి క్రిసాంతోని ఆపరేషన్ గదికి తోసుకెళ్ళాం. అయిదింటికి పోయాడు. ఆయన భార్య బయట బెంచీ మీద చేపల పులుసు, అన్నం గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. కడుపు కోసిన మనిషికి అన్నం పెట్టరని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది ఇన్‌ఛార్జి.

మర్నాడు మిసెస్ దివినగ్రాసియా నన్ను తన గదికి పిలిచి, తలుపు వేసి, కాఫీ ఇచ్చింది. ఆవిడ చెప్పింది తేలిక సంగతే. చార్టులో ఇన్‌ఛార్జికి తెలియజేశాను అని లెవెలిన్ రాయలేదు. ఆ పిల్ల అబద్ధం రాయదు, తెలియజేయలేదు కాబట్టి రాయలేదు. కనక నర్సు సకాలంలో తెలియజేయలేదు అని నేను ఒక్క వాక్యం రాసిస్తే చాలు. ఆ పిల్ల ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, చప్పుడు లేకుండా పంపేయవచ్చు. శుక్రవారం పదింటికి కమిటీ. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. నేను తలూపాను. ఇంటికెళ్ళి ఆ వాక్యం మంచి దస్తూరీతో రాశాను కూడా.

గురువారం తెలిసింది, కమిటీకి మనాంగ్ బాసింగ్‌ని కూడా పిలిచారని. వయసులో పెద్ద నర్సు ఒకరు ఉండాలనేది ఆసుపత్రి నియమం.  ఆవిడ నోరు తెరిచి జేబుల్లేని గౌను సంగతి ఎత్తిందంటే కొంపలంటుకుంటాయి. అన్నం గంటలో సరుకుల గదికి వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి వెళ్ళానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆవిడ నోరు మూయించడానికి వెళ్ళాను.

ఆవిడ పొడుగు బల్ల ముందు నిలబడి గాజుగుడ్డ మడతలు పెడుతోంది. రెండు చేతులూ గ్లవుజుల్లో, గుడ్డలో మునిగి ఉన్నాయి. ఆ చేతుల్లో ఏదో ఒకటి ఉండటం నేను చూసింది అదే మొదటిసారి. ఆ గదికి ఆవిడని పంపింది నేనే అన్న సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఆ పిల్ల అనుభవం లేక చేసిన పొరపాటు ఇది, పాత నియమాల సంగతి అక్కడ అనవసరం కదా మనాంగ్ అని లాలిపాట మొదలుపెట్టాను. ఆవిడ వింటున్నట్టు లేదు.

"తొమ్మిదో పడక అప్పగించు" అంది.

"ఇక్కడా?"

"ఇక్కడే. చేతులు ఖాళీగా లేవు గానీ చెవులున్నాయి."

ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. పద్ధెనిమిదేళ్ళ అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది. క్రిసాంతో, నలభై ఆరేళ్ళు, ఆపరేషన్ అయిన మొదటి రోజు, పదకొండింటికి ఇంత, పన్నెండింటికి ఇంత, ఒంటిగంటకి ఇంత. నర్సు సకాలంలో తెలియజేయలేదు.

"తీసుకోను" అంది, మడత మీంచి కళ్ళు ఎత్తకుండా. "ఎవరికి తెలియజేయలేదు?"

"ఇన్‌ఛార్జికి."

"ఇన్‌ఛార్జికి అమ్మానాన్నలు పేరు పెట్టలేదా?"

"నాకు" అన్నాను. "నాకు తెలియజేయలేదు."

"తీసుకోను. మొదటి నుంచి."

మొదటి నుంచి చెప్పాను. ఆవిడ ప్రతి గంట దగ్గరా ఆపింది. ఆ పిల్ల తెర దగ్గరికి ఎన్నిసార్లు వచ్చింది. ఏమంది. నేనేమన్నాను. అక్షరం అక్షరం చెప్పు, సుమారు వద్దు. ఒక్క నిమిషం తల్లీ అన్నానని చెప్పాను. వస్తున్నా అన్నానని చెప్పాను. మొదటి పిలుపు నుంచి ఎన్ని నిమిషాలు ఎదురుచూసిందని అడిగింది. నలభై అయిదు అన్నాను. ఒంటిగంటా అయిదు నుంచి యాభై దాకా. ఇన్‌ఛార్జి ఆ సమయంలో ఎక్కడుందని అడిగింది. మూడో పడక దగ్గర అన్నాను.

"ఆవిడకి మూడో పడక ఎవరిచ్చారు?"

 పక్క గదిలో స్టెరిలైజర్ ఆవిరి వదులుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడ ఇంకో రెండు మడతలు పెట్టింది. ఆవిడకి తొందరేమీ లేదు. అవతల ఎవరి పడవ పోతున్నా ఆవిడకి ఎప్పుడూ తొందర లేదు.

"నేనే" అన్నాను. "నేనే ఇచ్చుకున్నాను. ఇరవై ఇద్దరి చేత సంతకాలు పెట్టించి ఇచ్చుకున్నాను. నా చేతులు ఖాళీగా లేవు. ఉంటే ఆ పిల్ల పిలిచేది. పిలవకపోయినా ఆ బ్యాగు నేను వంగి చూసేదాన్ని."

"మొదటి నుంచి. ఆపకుండా."

మూడోసారి ఆపకుండా అప్పగించాను. పేరు, వయసు, అంకెలు, నిమిషాలు, తెర, నా పేరు, నా సంతకం. మధ్యలో కళ్ళు తుడుచుకున్నాను, నోరు మాత్రం ఆపలేదు. అయ్యాక ఆవిడ మొదటిసారి తలెత్తి నా వైపు చూసింది.

"తీసుకున్నాను" అంది.

ఏదో ఒక మంచి మాట వస్తుందేమోనని నిలబడ్డాను. మనిషిని కదా. ఆవిడ మళ్ళీ గుడ్డ వైపు తిరిగింది. "నువ్వంటే నాకు ఎప్పుడూ ఇష్టం లేదు ఎడిథా. ఇప్పుడూ లేదు. ఇంక వెళ్ళు తల్లీ. కళ్ళనీళ్ళు దీని మీద పడితే ఈ గుట్టంతా మళ్ళీ స్టెరిలైజ్ చెయ్యాలి."

శుక్రవారం కమిటీలో ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను రాసుకెళ్ళిన మంచి దస్తూరీ కాగితం సంచీలోంచి తీయలేదు. నిలబడి అప్పగించాను, ముందు రోజు ఎలా చెప్పానో అలాగే. మిసెస్ దివినగ్రాసియా కాఫీ చల్లారిపోయింది. నేను అయ్యాక ఎవరూ "తీసుకున్నాను" అనలేదు. అక్కడ ఆ అలవాటు లేదు.

లెవెలిన్ ఉద్యోగం నిలిచింది. నా పదవి పోయింది. మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి, తరవాత మామూలు నర్సుగా తీసుకున్నారు. క్రిసాంతో భార్య దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ మొత్తం విని, తలుపు వేసేసింది. వేయక ఏం చేస్తుంది. ఇన్‌ఛార్జికి పడకలివ్వకూడదని ఆసుపత్రి కాగితం మీద రాసి గోడకి అంటించింది. కింద సంతకం మిసెస్ దివినగ్రాసియాది. అది తన ఆలోచనేనని ఆవిడ ఇప్పటికీ నమ్ముతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా పట్టుకున్నందుకు సంతోషమే. హెడ్ నర్సు పదవి మళ్ళీ తీసుకోమని మనాంగ్ బాసింగ్‌ని అడిగితే, ఇక్కడ గాజుగుడ్డ ఎదురు చెప్పదు అందట. ఎనిమిది నెలలు మడతలు పెట్టి, రిటైరై వెళ్ళిపోయింది. బాకలోద్ నుంచి ఇంకొకరిని తెచ్చి హెడ్ నర్సుని చేశారు.

ఆకుపచ్చ గౌను జేబులు నేనే మళ్ళీ కుట్టాను. ఆవిడ కుట్టు సన్నగా ఉండేది, నాది గోనెసంచి కుట్టు. పని జరుగుతోంది.

ఆవిడ శవజాగరణకి వెళ్ళాను. అందరూ ఏడుస్తూ, బిస్కట్లు తింటూ, పేకాడుతూ ఆవిడ ఎంత మంచిదో చెప్పుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు. పెట్టెలో ఆవిడ చేతులు ఛాతీ మీద కట్టి, వేళ్ళ మధ్య జపమాల చుట్టారు. అది మాత్రం నచ్చలేదు. ఎవరి పడక తల్లీ అది, తీసెయ్యి అందామనుకున్నాను. అనలేదు.

ఇంకొక్క సంగతి రాసి ఆపుతాను. పోయిన వారం మారిజ్ మనీలా నుంచి రెండు రోజుల సెలవు మీద వచ్చింది. పొద్దున ఏడింటికి నా డ్యూటీ అయిపోయింది. ఎనిమిదింటికి ఇంట్లో కలిసి టిఫిను తినాలని ఇద్దరం అనుకున్నాం. ఎక్కే షిఫ్టు ఇన్‌ఛార్జి లెవెలిన్. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళది, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చింది. రెండో పడక దగ్గర నాలుగింటి గడిలో నా అంకె కొట్టేసి ఉంది, పక్కన దిద్దలేదు. మారిజ్ వచ్చింది తల్లీ, పడవ పోతుంది అని చెప్పాను. మారిజ్‌కి నా దీవెనలు చెప్పండి మనాంగ్ అంది. తరవాత ఎంతో మెత్తగా, సిగ్గేమీ లేకుండా, నా కళ్ళలోకి చూసి అంది.

"ఇది నేను తీసుకోను మనాంగ్."

నేను జెట్టీ చేరేసరికి తొమ్మిదిన్నర. పడవ నీళ్ళ మధ్యలో ఉంది. మారిజ్ టిఫిను తినేసి స్నేహితుల దగ్గరికి వెళుతున్నానని ఫోన్‌లో రాసింది. నేను ఆ ఎండలో నిలబడి, మియాగావ్ శ్మశానంలో పడుకున్న మనిషిని, దారిన పోయేవాళ్ళు తిరిగి చూసేలా, గొంతు పెంచి, నోరారా తిట్టాను.